మూడో పిలుపుకు లేచిన ఐలయ్య

కొత్వాల్‌గూడ ఐలయ్య చచ్చిపోయి లేచిన మనిషి. ఇది ఆయన చాటున అనే మాట కాదు, మొహం మీదే అంటారు. ఊళ్లో ముగ్గురు ఐలయ్యలు ఉండటంతో ఒకరిని పాల ఐలయ్య అనీ, ఒకరిని మేస్త్రీ ఐలయ్య అనీ, ఈయన్ని లేచిన ఐలయ్య అనీ పిలుస్తారు. పెళ్లి పత్రికల మీద కూడా అలాగే రాస్తారు. పత్రిక ఇస్తారే గానీ, పెళ్లికూతురు పందిట్లోకి వచ్చే వేళకు ఈయన ఎదురుపడకుండా ఎవరో ఒకరు భుజం మీద చెయ్యేసి, మాటల్లో పెట్టి, వంటల వైపు నడిపిస్తారు. ఐలయ్యకు ఆ సంగతి తెలుసు. వంటల దగ్గర ముందుగా ముక్క దొరుకుతుంది కాబట్టి ఆయన కూడా పెద్దగా పట్టించుకోడు.

ఆయన పోయింది ఒక ఎండాకాలం. అప్పటికే ఆ చుట్టుపక్కల పొలాలు చాలావరకు పోయాయి, ద్రాక్షతోటలూ పోయాయి. ఐలయ్య విమానాశ్రయం రోడ్డు నడుమ పూలచెట్లకు నీళ్లు పట్టే పనిలో కుదిరాడు. ట్యాంకర్ల కొద్దీ నీళ్లు కాగితంపూల చెట్లకు పోసిన మనిషికి, తాను ఒక గ్లాసు తాగాలన్న ధ్యాస లేకపోయింది. మిట్టమధ్యాహ్నం డివైడర్ మీదే కూలబడ్డాడు. ఇంటికి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. సూదులు వేసే డాక్టరొకాయన వచ్చి, మణికట్టు పట్టుకుని, ఛాతీ మీద చెవి ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం పోయింది. దాని మోత తప్ప ఆయనకు ఇంకేమీ వినపడలేదు. పెదవి విరిచి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

చచ్చినోడి కళ్లు చారెడని ఊరికే అనలేదు. ఆ పూట ఐలయ్యంత మంచివాడు మండలంలోనే లేడని తేలిపోయింది. కిందటి వారం ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లే పాడె మోయడానికి పోటీపడ్డారు. డప్పులు మోగాయి. భార్య అనంతమ్మ వీధి మలుపు దాకా వచ్చి, ఇక ముందుకు రాకూడదన్నారని అక్కడే కూలబడి ఏడ్చింది.

బొందలగడ్డకు, అంటే శ్మశానానికి, సగం దారిలో పాడెను కిందికి దించుతారు. డప్పులు ఆపించి, పోయినవాడి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఒంట్లో ఏ మూలనో నక్కి ఉంటే పలుకుతుందేమోనని ఆశ. దీన్నే దింపుడుగల్లం అంటారు. ఎవరూ పలకరు. పలకరని అందరికీ తెలుసు. అయినా పిలవకుండా ఎవర్నీ పంపరు. ఐలయ్య ఊళ్లో మొదటి పిలుపు కొడుకుది, రెండోది తోడబుట్టినవాడిది, మూడోది దోస్తుది.

కొడుకు పిలిచాడు. నిద్రపోతున్న తండ్రిని లేపితే తిడతాడేమో అన్నంత మెల్లగా పిలిచాడు. తమ్ముడు పిలిచాడు. మూడోసారి పిలవడానికి రాములు ముందుకొచ్చాడు. రాములూ ఐలయ్యా ద్రాక్షతోటల్లో కాపలా కాస్తూ, కాసిన దానికంటే ఎక్కువ తింటూ కలిసి పెరిగిన జోడీ. పండ్ల మీద వాలే పిట్టల్ని తోలీ తోలీ రాములు గొంతు మైకులాగా తయారైంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, దోస్తు చెవి దగ్గర నోరు పెట్టి, "ఒరే ఐలిగా! ఏందిరా గిట్ల పన్నవ్? లెవ్వు!" అని ఒక్క కేక వేశాడు.

ఐలయ్య లేచాడు. లేచి కూర్చుని, "నీళ్లు" అన్నాడు.

ఆ తర్వాత కాసేపు అక్కడ మర్యాదస్తులెవరూ మిగల్లేదు. పాడె మోసినవాళ్లు ఒక దిక్కు, డప్పులవాళ్లు ఒక దిక్కు, నిప్పుకుండ పట్టుకున్న కొడుకు కుండతో సహా ఒక దిక్కు పరుగెత్తారు. నిలబడింది రాములొక్కడే. ఆయనే బోరింగు దగ్గరికి పోయి దోసిట్లో నీళ్లు పట్టుకొచ్చాడు. దారిలో సగం కారిపోతే మళ్లీ పోయాడు. తవ్విన బొందను ఖాళీగా ఉంచితే ఇంకొకరిని అడుగుతుందని పెద్దలు అంటే, అందులో అరటిబోదెను పూడ్చి, మన్ను కప్పి, అందరూ ఇళ్లకు వచ్చారు. అనంతమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని, "ఒక్కసారి ఏడ్సిన. మల్ల సస్తె ఇగ ఏడ్వ, ముందే చెప్తున్న" అంది. పాడె మీద తనకేమైందో ఐలయ్య ఊరందరికీ చెప్పుకున్నాడు, ఒక్క ముక్క తప్ప. ఆ ముక్క అనంతమ్మకు కూడా చెప్పలేదు.

కథ ఇక్కడ సుఖాంతం కావాల్సింది. కానీ వారం తిరగకముందే రాములు ఇంటి ముందు బుద్వేల్ నుంచి వచ్చిన ఆటో ఆగింది. వాళ్లింట్లో ముసలాయన పోయాడు, మూడో పిలుపు పిలవడానికి రమ్మని బతిమాలారు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని వచ్చినవాళ్లకు కాదని ఏ నోటితో చెప్పాలి? పోయాడు, పిలిచాడు. ముసలాయన లేవలేదు. మర్నాడు ఇంకో ఆటో. పేరు రాజేంద్రనగర్ దాకా పాకింది. పాడె కట్టేవాడికి కబురు పెట్టేముందే రాములుకు కబురు పెట్టడం మొదలైంది. ఒక్కరూ లేవలేదు. "నీ దోస్తునైతే గట్టిగ పిలిచినవట. మా బాపుకు నీ గొంతు పెగుల్తలేదా?" అని ఒకడు కాలర్ పట్టుకున్నాడు కూడా.

వాటన్నిటినీ రాములు తట్టుకున్నాడు. స్వర్ణలత దగ్గర మాత్రం తట్టుకోలేకపోయాడు. చిన్న వయసు పిల్ల. మొగుడు లారీ కింద పడి పోయాడు. ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా పాడె వెనకే వచ్చింది. రాములు పిలవాల్సినట్టు పిలిచి లేవబోతే కాళ్లు పట్టుకుంది. "ఇంకొక్కసారన్నా. జర గట్టిగన్నా. ఇంకొక్కసారి." రాములు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గొంతు పూడుకుపోయి గాలి తప్ప మాట రాకుండా పోయేదాకా పిలిచాడు. డప్పులవాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

అక్కడినుంచి తిన్నగా ఐలయ్య ఇంటికి వచ్చాడు. ఐలయ్య అన్నం తింటున్నాడు. రాములు గడప దాటలేదు. "నువ్వు లెవ్వకుంటనే మంచిగుండు ఐలిగా. ఇగ నీ పేరు నా నోట్ల రాదు" అని, బొంగురు గొంతుతో అనేసి వెళ్లిపోయాడు.

అన్నమాట మీద నిలబడ్డాడు. ఎదురుపడితే కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూసి తప్పుకునేవాడు. ఒక్క ఆటో ఆగినా లోపల గడియ పెట్టుకునేవాడు. ఏళ్లు గడిచాయి, ఇద్దరి తలలూ నెరిశాయి. ఐలయ్యకు చావు పెద్ద కష్టమనిపించలేదు, లేవడం పెద్ద గొప్పగానూ తోచలేదు. పందిట్లోంచి వంటల వైపు నెట్టడం కూడా అరిగిపోయింది. అరగనిది రాములు మాట్లాడకపోవడం ఒక్కటే. నువ్వు లేవకుంటేనే బాగుండేది అని దోస్తు అన్న మాట ముద్ద ముద్దకూ అడ్డుపడేది. బతికి ఉండగా ఇంకొక్కసారి ఆ గొంతుతో ఐలిగా అని పిలిపించుకోవాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒకరోజు పొద్దున బొందలగడ్డే వచ్చింది. కంగారు పడకండి, అది ఒక రాక్ బ్యాండ్ పేరు.

బ్యాండులో ముగ్గురు. పాడేది, పాటలు రాసేది జగన్. విమానాశ్రయం కార్గోలో డ్యూటీ చేస్తాడు. అక్కడికి సామాన్లతో పాటు పరాయి దేశాల నుంచి శవపేటికలు కూడా వస్తుంటాయి. వాటిని ఆమడ దూరం నుంచి చూసి, ఇంటికొచ్చి పాటలు రాసేవాడు. లావు తీగల గిటారు వాయించేది శంషాబాద్ అనస్. వాళ్ల నాన్న అజీజ్ టెంట్‌హౌస్ నడుపుతాడు. కుర్చీలు, వంటసామాన్లు, శవాల్ని పెట్టే ఫ్రీజర్ బాక్సులు కిరాయికి ఇస్తాడు. డ్రమ్ములు కొట్టేది ప్రియదర్శిని. కోస్తా వైపు నుంచి రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చిన పిల్ల.

అప్పటికి రెండు ఆల్బములు చేశారు. మొదటిది 'బొంద తవ్వినంక', రెండోది 'నా పెద్దకర్మకు నేనే వచ్చిన'. వాటిలో 'ఫ్రీజర్ డబ్బాల ఉక్కపోత', 'కాకి ముట్టని ముద్ద', 'ఇమానం సప్పుడుకు లేచిన తాత' లాంటి పాటలున్నాయి. ప్రతి పాటలోనూ ఎవడో ఒకడు చచ్చి లేస్తాడు. బతికున్నవాడి ఊసు ఒక్క చరణంలోనైనా ఉంటే ఒట్టు. విమానాల మోతకు పాట వినపడదు కాబట్టి మధ్య మధ్య ఖాళీలు కూడా వదిలి కట్టారు. మూడో ఆల్బం పేరు 'దింపుడుగల్లం'. దానికోసమే ఐలయ్యను వెతుక్కుంటూ వచ్చారు.

ఐలయ్య పైపు పట్టుకుని డివైడర్ మీద నిలబడి ఉన్నాడు. బండి ఆపి జగన్ అడిగాడు. "తాతా, సచ్చి లేచింది నువ్వేనా?"

"నేనే. ఏం గావాలె?"

"మాకు మీ అనుభవం కావాలండీ, తాతగారూ" అంది ప్రియదర్శిని.

తన చావును అనుభవం అన్నవాళ్లు, తనను గారు అన్నవాళ్లు ఐలయ్యకు ఇంతవరకు తగల్లేదు. పైపు ఒకే చెట్టు మొదట్లో ఉండిపోయింది. ఆ చెట్టు తర్వాత కుళ్లిపోయింది.

ఆ ఆదివారం టెంట్‌హౌస్ గోదాములో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ఆయనకు దేశదేశాల పాటలు వినిపించారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి బ్యాండులూ చచ్చి లేచినవాళ్ల మీద ఆల్బములకు ఆల్బములు చేశాయని ప్రియదర్శిని వివరించింది. ఐలయ్య శ్రద్ధగా విన్నాడు. స్పీకరు పెట్టెలు అదిరిపోతున్నాయి. ఎవడో గొంతులో గులకరాళ్లు వేసుకుని నమిలినట్టు అరుస్తున్నాడు.

"గాయన ఎందుకు గట్ల మొత్తుకుంటున్నడు?"

"లేచిన శవం తాతా. మనుషుల్ని పీక్క తింటది" అన్నాడు జగన్.

ఐలయ్య ఆలోచనలో పడ్డాడు. "ఆకలైతదా వాళ్లకు? నాకైతే కాలే. నాకు దూప అయింది. నీళ్లే యాదికొచ్చినయి."

"దూప అంటే హెవీగ లేదు తాతా."

"హెవీ అంటే ఏందిరా?"

"బరువు చాచా" అన్నాడు అనస్.

"దూప కంటే బరువేముంటది?" అన్నాడు ఐలయ్య. ఆ మాటకు ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. అరగంట వాదులాడుకుని, 'దూప' అని ఒక పాట కట్టారు. ఐలయ్యను కూడా శవంలాగా గుర్రుమనమన్నారు. ఆయన గుర్రుమంటే దగ్గు తెర వచ్చింది. దాన్నే రికార్డు చేసుకుని, అద్భుతం అన్నారు.

ఆ పాటలు ఐలయ్యకు నచ్చాయంటే అబద్ధమవుతుంది. సగం మోత, సగం కేకలు. కానీ వాటిలో ఒక మర్యాద ఉందని ఆయనకు తోచింది. అక్కడ చచ్చి లేచినవాడిని ఎవరూ వంటల వైపు నెట్టరు. వాడే హీరో, అందరూ వాడి వెంటే తిరుగుతారు. అందుకే ఆల్బం విడుదల రోజు స్టేజీ మీద పాడె కడతాం, పడుకుని మూడో పిలుపుకు లేవాలి అని వాళ్లు అడిగితే, ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఒకే షరతు పెట్టాడు.

"మూడో పిలుపు రాములు పిలువాలె."

ముగ్గురూ రాములు ఇంటికి వెళ్లారు. రాములు గేటు దగ్గర వేపపుల్ల నములుతున్నాడు. అంతా విని, పుల్ల ఉమ్మేసి, "పిలుసుడు ఇడిసిపెట్టిన బిడ్డా. సచ్చినోళ్లను పిలువ, లేచినోళ్లను పిలువ. పోండ్రి" అని గేటు వేసుకున్నాడు. అయితే మూడో పిలుపు నేనే పిలుస్తానన్నాడు జగన్. ఐలయ్య తలూపాడు గానీ, ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పోస్టర్లు శంషాబాద్ బస్టాండు నుంచి కొత్వాల్‌గూడ కిరాణా కొట్టు దాకా అంటించారు. వాటి మీద మొహానికి తెల్లటి పౌడరు, కళ్ల చుట్టూ నల్లటి మసి పూసుకుని ఐలయ్య ఉన్నాడు. అనంతమ్మ కొట్టు ముందు నిలబడి చాలాసేపు చూసింది. "నిజంగ సచ్చిన్నాడు గూడ గింత పౌడర్ ఎయ్యలే" అంది.

శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్ వెనక ఖాళీ జాగాలో స్టేజీ వేశారు. ఎండ తగ్గిన సాయంత్రం, కొత్వాల్‌గూడే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ దిగాయి. నల్ల బనీన్లు వేసుకున్న పట్నం పిల్లలు ఒక పక్క, చీరకొంగులు నడుముకు దోపుకున్న ఆడవాళ్లు ఒక పక్క. అనంతమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. అజీజ్ కిరాయి తీసుకోకుండా వెయ్యి కుర్చీలు పంపాడు. పచ్చి వెదురుతో పాడె కట్టింది మాత్రం ఊరివాళ్లే, బొంగులు తక్కువైనా సరే అలవాటుగా గట్టిగా బిగించారు. చెవిలో పిలిచే పిలుపు అందరికీ వినపడాలని తలవైపు ఒక మైకు కట్టారు.

పాడె మీద పడుకునేముందు ఐలయ్య జనం మీదికి ఒకసారి చూశాడు. దూరంగా, మిర్చి బజ్జీల బండి పక్కన, ఇటు వీపు పెట్టి రాములు నిలబడి ఉన్నాడు. బజ్జీలు తినడానికి కొత్వాల్‌గూడ నుంచి ఇంత దూరం ఎవడొస్తాడు?

పాట మొదలైంది. ప్రియదర్శిని డ్రమ్ముల మీద చావు డప్పు దరువు కొట్టింది. జగన్ అరిచాడు, జనం అరిచారు, విమానం వచ్చింది, ఆగారు, మళ్లీ అరిచారు. తర్వాత దరువు ఠక్కున ఆగింది.

"ఐలయ్య గారూ!" అని ప్రియదర్శిని పిలిచింది. జనం గొల్లుమన్నారు.

"ఐలయ్య చాచా!" అని అనస్ పిలిచాడు.

"ఐలయ్యా!" అని జగన్ మైకు పగిలేలా కేకవేశాడు. తెల్లటి పొగ వదిలారు. ఇక లేవాలి.

ఐలయ్య లేవలేదు. ముందుగా వేసుకున్న పథకమేమీ కాదు. లేద్దామని మోచెయ్యి ఆనించబోయాడు కూడా. అప్పుడే బజ్జీల బండి దగ్గరి వీపు గుర్తొచ్చింది. లేస్తే ఆట అయిపోతుంది, ఆ వీపు అలాగే ఇంటికి పోతుంది. ఇంకాసేపు చూద్దామని కళ్లు బిగించుకున్నాడు.

పట్నం పిల్లలు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్లు కొట్టలేదు. జగన్ వంగి, "తాతా, అయిపోయింది, లెవ్వు" అని గొణిగాడు. ప్రియదర్శిని కర్రలు పారేసి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆమె చదివింది వరి తెగుళ్ల గురించి. "నాడి అందట్లేదండీ!" అని ఏడుపు గొంతుతో అరిచింది. ఆ మాట వినగానే జగన్ గిటారుతో సహా వెనక్కి గెంతి, డ్రమ్ముల మీద వెల్లకిలా పడ్డాడు. రెండు ఆల్బముల నిండా శవాల్ని లేపినవాడు, ఒక్క శవాన్ని కూడా ముట్టుకున్న పాపాన పోలేదు మరి. అనస్ ఫోను తీసి వాళ్ల నాన్నకు కలిపి, "అబ్బా, ఒక బాక్స్ పంపించు జల్దీ!" అన్నాడు.

ముందు వరసలో ఎవరో అనంతమ్మ భుజం పట్టుకుని, ఏడువు అక్కా, ఏడువు అన్నారు. "ఏడ్వ. చెప్పిన గద, ఒక్కసారే అని" అంది అనంతమ్మ. ఆమె చేతులు మాత్రం కుర్చీ పిడిని వదల్లేదు.

జనాన్ని తోసుకుంటూ రాములు వచ్చాడు. చేతిలో సగం కొరికిన బజ్జీ అలాగే ఉంది. స్టేజీ మెట్లు ఎక్కలేక చేతులతో పాకి ఎక్కాడు. పాడె పక్కన మోకాళ్ల మీద కూలబడి, చెవి దగ్గర నోరు పెట్టి, "ఐలిగా" అన్నాడు. స్వర్ణలత రోజున పోయిన గొంతు మళ్లీ తిన్నగా రాలేదు. కేక వేయబోతే గరగరమంది. "ఒరే ఐలిగా! వద్దురా. గిట్ల జేయకురా. లెవ్వు!"

ఐలయ్య ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట చెవిలో పడింది. ఆ సంతోషం గుటక వేసేంతసేపైనా నిలవలేదు. ఊరంతా చూస్తుండగా ఇప్పుడు రాములు పిలుపుకు లేస్తే ఏమవుతుందో అప్పుడు వెలిగింది. రేపు పొద్దున్నే ఆ గేటు ముందు మళ్లీ ఆటోలు ఆగుతాయి. మళ్లీ ఎవరో ఆడపిల్ల కాళ్లు పట్టుకుంటుంది. లేవకపోతే ఈ ముసలివాడు ఇక్కడే పిలిచి పిలిచి గొంతు తెంచుకునేలా ఉన్నాడు. చావు తప్పి కన్ను లొట్టపోవడమంటే ఏమిటో ఐలయ్యకు తెలుసు గానీ, ఇలా ఇరుక్కోవడం మొదటిసారి. పెదవులు కదిలీ కదలకుండా గుసగుసలాడాడు.

"రాములూ, గట్టిగ పిలువకురా. నేను సావలే. ఊకెనే పన్న."

రాములు బిగుసుకుపోయాడు. "ఊకెనే ఎందుకు పన్నవ్?"

"నువ్వు పిలుస్తవేమోనని. ఇప్పుడు లేస్తే మల్ల నీకు పరేషాన్ అయితది. నువ్వు సప్పుడు జేయక దిగిపో. నువ్వు పోయినంక లేస్త."

తలవైపు కట్టిన మైకు సంగతి ఇద్దరికీ గుర్తులేదు. వెయ్యి కుర్చీల మీద ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"మరి అప్పుడు?" అన్నాడు రాములు.

"ఎప్పుడు?"

"మొదాలు సచ్చినప్పుడు."

ఐలయ్య ఇన్నేళ్లూ దాచిన ముక్క అదే. "పాడె కింద పెట్టంగనే తెలివొచ్చిందిరా. కొడుకు పిలిచిండు, వినవడ్డది. తమ్ముడు పిలిచిండు, అది గూడ వినవడ్డది. మూడోది నీది గద. ముందే లేస్తే నువ్వు పిలువవు గదా అని ఆగిన."

"దూప అయితుండెనా?"

"మస్తు."

రాములు మొహం ముడుచుకుపోయింది. ఆయన ఏడుపు పెట్టెల్లోంచి మైదానమంతా వినపడింది. "నా గొంతుల ఏందో ఉన్నదనుకున్నరు అందరు. నేను గూడ అనుకున్న. గా పిల్ల మొగడు లెవ్వకపోతే, నేను సరిగ్గ పిలువలేదేమోనని ఇన్నేండ్లు నిద్ర పట్టలేదురా నాకు. నువ్వేమో ఇననీకి పన్నవా? ఇననీకి?" అంటూ చెయ్యెత్తి, పౌడరు లేచిపోయేలా చెంప మీద ఒక్కటి ఇచ్చాడు.

ఐలయ్య లేచి కూర్చున్నాడు.

పట్నం పిల్లలు వెర్రెత్తిపోయారు. అంత బాగా రిహార్సల్ చేసిన నాటకం తాము ఎక్కడా చూడలేదన్నారు. జగన్ డ్రమ్ముల మీద నుంచి లేచి, ఏం చేయాలో తోచక 'దూప' పాట ఎత్తుకున్నాడు. ఊరివాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం తలలు దించుకున్నారు. రాములును ఆటోల్లో తిప్పింది, నిలదీసింది, కాలర్ పట్టుకుంది వాళ్లలో వాళ్లే కదా. అనంతమ్మ కుర్చీలోంచి లేచి, ఎవరూ చూడటం లేదనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. అజీజ్ ఫ్రీజర్ బాక్సు తీసుకొచ్చి, సంగతి విని, "యా అల్లా" అని దాంట్లో కూల్‌డ్రింకులు పెట్టించాడు.

మర్నాడు ఒక ఆటో వచ్చింది. పిలిచేది అబద్ధమని తెలిసింది గానీ, చెంపదెబ్బకైనా లేస్తారేమో, ఒకసారి వచ్చి కొడతావా అని అడిగారు. వాళ్లను రాములు వేపపుల్లతో తరిమాడని చెప్పుకుంటారు. అది తర్వాతి మాట.

ఆ సాయంత్రం ఇద్దరూ స్టేజీ వెనక నుంచి దిగి నడక మొదలుపెట్టారు. ఐలయ్య మొహం సగం తెలుపు, సగం మామూలు. రాములు ముందు నడుస్తున్నాడు, మాట్లాడటం లేదు. మళ్లీ పాత కథే అయిందనుకున్నాడు ఐలయ్య. మలుపు దగ్గర రాములు ఆగాడు.

"నేను స్టేజి ఎందుకెక్కిన్నో ఎరికేనా?"

"నేను సచ్చిన్ననుకొని."

"నువ్వు సస్తే సావు. నీకు పిలిచేటోళ్లు మస్తుమందున్నరు. నాకెవడున్నడురా? రేపు నేను పోతే మూడో పిలుపు ఎవడు పిలుస్తడు? బజ్జి నోట్ల పెట్టుకున్నంక అది యాదికొచ్చింది. కాళ్లు ఆగలే."

ఐలయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "నేను పిలుస్తరా. నువ్వు లేచేదాక పిలుస్త."

రాములు అడ్డంగా తలూపాడు. "వద్దు. నువ్వు ఒక్కసారే పిలువు. ఇగ ఇంటికి పో. అంతకంటె ఎక్కువ పిలిస్తే, పిలిచేటోడు బతుకడు."

ఐలయ్య సరేనన్నాడు. ఇద్దరూ కొత్వాల్‌గూడ దారి పట్టారు.